పదకొండు కార్డుల మీద నాలుగున్నర

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ ఎవరైనా కబుర్లు మొదలుపెడితే, నేను లేచి వెళ్ళి ప్రింటర్‌లో కాగితాలు ఉన్నాయో లేదో చూసుకునే రకం. మెదక్‌లో చర్చికి పోయే దారిలో నాకు జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం ఉంది. ఊళ్ళోవాళ్ళ ఆధార్ కార్డులు, పొలాల పహాణీలు, మార్కుల మెమోలు రోజూ నా చేతుల మీదుగానే పోతాయి. కాగితం మీద ఏముంటే అదే నిజం అనుకుని బతికేదాన్ని. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ మొహమాటమే. ఇందులో లెక్క తప్పింది కాగితమే.

పాస్‌పోర్ట్ దరఖాస్తులు నింపిపెట్టడంతో మొదలై, టికెట్లు బుక్ చేయడం, చిన్న చిన్న గుంపుల్ని యాత్రలకు తీసుకుపోవడం దాకా వచ్చాను. రైళ్ళు, బస్సులు అలవాటే. సముద్రం సంగతి మాత్రం నాకు తెలియదు.

మా వీధిలోనే ఉండే మెర్సీ అక్క నర్సుగా చేసి రిటైరైంది. ఒకరోజు ఫోన్‌లో ఓడ వీడియో ఒకటి పట్టుకుని దుకాణానికి వచ్చింది. "సుగుణా, నాకు ఓడెక్కాలని మస్తు కోరికున్నది. నువ్వు జరా అరుసుకో" అంది. అరుసుకున్నాను. సింగపూర్‌లో ఎక్కితే పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లో దింపే ఓడ ఒకటి దొరికింది. చర్చివాళ్ళు నలుగురు కలిశారు. రామాయంపేట నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఎల్దుర్తి నుంచి ఒక టీచరు. చివర్లో పాపన్నపేట నుంచి రాజిరెడ్డి మామ, ఆయన భార్య లక్ష్మి అత్తమ్మ. వాళ్ళు నాకు చుట్టాలు కారు. ఏళ్ళ తరబడి పహాణీల కోసం వచ్చిపోతూ మామా, అత్తమ్మా అనే దాకా వచ్చిన పరిచయం. నాతో కలిపి పదకొండు మందిమి.

రాజిరెడ్డి మామకు మొదటి నుంచీ నా మీద నమ్మకం లేదు. దుకాణంలో నలుగురి ముందే అన్నాడు: "ఫొటోలు తీసి, జిరాక్సులు కొట్టే ఆమె మనల్ని సముద్రం దాటిస్తదా? ఏడనో ఒడ్డు మీద ఇడిసిపెట్టి వస్తది చూడు."

నవ్వేశాను. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఒడ్డు మీద ఏం చేయాలన్నదే నా పని అయింది. ఓడ మీద భయం లేదు. తిండి వాళ్ళే పెడతారు, పడక వాళ్ళే ఇస్తారు. భయమంతా దిగినప్పుడే. ఓడ ఎవరి కోసమూ ఆగదని ఎక్కడ చూసినా రాసి ఉంది.

అందుకే కార్డులు చేశాను. ఓడ పేరు, గది నంబరు, ఆ రేవులో ఓడ తరఫున ఉండే ఏజెంటు ఫోన్ నంబరు, నా నంబరు, అన్నీ పెద్ద తెలుగు అక్షరాల్లో టైప్ చేశాను. ఫుకెట్‌లో ఓడ ఒడ్డుదాకా రాదు. లోతులో ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న పడవల్లో దింపుతారు. తిరిగి ఎక్కించే ఆఖరి పడవ ఎన్నింటికో బయల్దేరే ముందురోజు దాకా తేలలేదు. ఆ చోటు ఖాళీగా ఉంచి, ఓడ టికెట్లు ఇచ్చిన హైదరాబాద్ ఏజెంటు నుంచి మెయిల్ రాగానే నీలం మార్కర్‌తో నా చేత్తో రాశాను. ఐదున్నర. అన్నిటి మీదా ఐదున్నరే. వెంటనే లామినేట్ చేసి, మెడలో వేసుకునేలా అన్నిటికీ ఒకే రంగు తాళ్ళు కట్టాను. గాజు కౌంటర్ మీద కార్డులన్నీ పరిచి, ఫొటో తీసి, మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

పెనాంగ్ బాగా గడిచింది. ఆ సాయంత్రం ఓడ కదిలాక, మరుసటి రోజు ఫుకెట్ కోసం కార్డులు పంచాను. రాజిరెడ్డి మామ కార్డు దూరంగా పట్టుకుని పైకే చదివాడు. "ఐదున్నర దాక టైమున్నది గదా! సముద్రంల తానం గూడ చేయొచ్చు" అన్నాడు. అందరం విన్నాం. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత లక్ష్మి అత్తమ్మకు అలల తిప్పుడుకు వాంతులు పట్టుకున్నాయి. నేనూ మెర్సీ అక్కా ఆమె దగ్గరే ఉండిపోయాం. అప్పుడు మైకులో ఏదో చెప్పారు. నేను వినలేదు. గది తలుపు కింద నుంచి మర్నాటి వివరాల కాగితం పెట్టి పోయారు. దానిలో తిండి వేళలు, పడవ టోకెన్లు ఇచ్చే చోటు చూసుకున్నాను. మిగతాది ఇంగ్లీషులో సన్న అక్షరాలు. వదిలేశాను. దుకాణంలో ఒక్క అక్షరం తప్పు పోనివ్వని నేను, ఆ ఒక్క కాగితం పూర్తిగా చదవలేదు.

ఫుకెట్‌లో టోకెన్ల కోసం తెల్లారగానే వరసలో నిలబడ్డాను. అందుకే మాకు ముందు పడవలే దొరికాయి. అందరం ఒకే వ్యాన్‌లో ఎక్కాం. చలోంగ్ దగ్గరి బౌద్ధ గుడి చూశాం. ఎల్దుర్తి టీచరు గుడి చుట్టూ తిరిగి తిరిగి ఫొటోలు తీసింది. ఎండ మా మే నెల ఎండలాగే ఉంది. ఆలస్యంగా భోజనాలకు కూర్చున్నాం. తినడం అయ్యేసరికి నా ఫోన్‌లో మూడు దాటి పది నిమిషాలు.

ఇంకా పాత ఊరి బజారు చూడాలి. అది పడవలకు వ్యతిరేక దిక్కు. ఐదున్నరకు ఆఖరి పడవ కదా, ఒక గంట బజారు తిరిగినా వెళ్ళిపోవచ్చని అనుకున్నాం. వ్యాన్ ఎక్కుతున్నాం. అప్పుడు లక్ష్మి అత్తమ్మ మెడలోని కార్డు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తూ ఆగిపోయింది.

"సుగుణా, గిండ్ల నాలుగున్నర అని ఉన్నదేందే?"

ఆమెకు చూపు తక్కువ. "ఐదున్నర అత్తమ్మా" అన్నాను, కార్డు చూడకుండానే.

"నాకు నాలుగు తెల్వదా? నువ్వే సూడరాదు."

చూశాను. నీలం మార్కర్‌తో నాలుగూ ముప్పై. నా రాతే. నేను నాలుగును పైన కలపకుండా రాస్తాను, అచ్చం అలాగే ఉంది. నా మెడలోని కార్డు చూసుకున్నాను. నాలుగూ ముప్పై. మెర్సీ అక్కది, టీచరుది, అక్కచెల్లెళ్ళవి, ఒక్కొక్కటీ తిప్పి చూశాను. పదకొండిటి మీదా అదే.

ఫోన్ తీసి వాట్సాప్‌లో నేను పెట్టిన ఫొటో తెరిచాను. గాజు కౌంటర్, దాని మీద కార్డులు. అన్నిటి మీదా ఐదూ ముప్పై.

రాజిరెడ్డి మామ ఫొటో చూశాడు, కార్డు చూశాడు. "నిన్న నేనే గదా ఐదున్నర అని చదివింది! ఫొటోల గూడ అదే ఉన్నది. కార్డులు ఏదో తేడా గొట్టినయ్. నడువుండ్రి, బజారుకు పోదాం" అన్నాడు.

ఆయన చెప్పిందే న్యాయంగా ఉంది. నాకు గుర్తున్నదీ ఐదున్నరే, మెయిల్‌లో వచ్చిందీ ఐదున్నరే, ఫొటోలో ఉన్నదీ ఐదున్నరే. నాలుగున్నర అంటున్నది మెడలో వేలాడుతున్న ప్లాస్టిక్ ముక్క ఒక్కటే. రామాయంపేట అక్కచెల్లెళ్ళు బజారులో కొనాల్సినవి అప్పటికే అనుకుని పెట్టుకున్నారు. అందరూ నా ముఖం చూస్తున్నారు.

నేను పొరపాటు పడితే పదిమందికి బజారు పోతుంది. కార్డే నిజమైతే పదిమందికి ఓడే పోతుంది. అంతే ఆలోచించాను.

"మామా, బజారు లేదు. అందరూ ఎక్కుండ్రి. పడవ దగ్గరికే పోతున్నం" అన్నాను.

"గింత దూరం తెచ్చి గిదేంది?" అని ఆయన గట్టిగానే అన్నాడు. "దుకాణంల లెక్క హుకుం చేస్తున్నవేంది?"

మెర్సీ అక్క మాత్రం వ్యాన్ ఎక్కి కూర్చుంది. "సుగుణ చెప్తున్నది గదా. ఎక్కుండ్రి" అంది. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. రాజిరెడ్డి మామ అందరికంటే చివర ఎక్కి, దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున పడవ దిగిన బీచ్ ఊరు దగ్గరపడే కొద్దీ బండ్లు నిలిచిపోయాయి. ఫోన్‌లో నాలుగూ పది అవుతుంటే వ్యాన్ ఒకేచోట ఆగిపోయింది. ఇక కదలదన్నట్టు డ్రైవర్ చేతులు తిప్పాడు. దింపేశాను అందర్నీ. నడక మొదలుపెట్టాం. లక్ష్మి అత్తమ్మ మోకాళ్ళు సహకరించవు. ఒక పక్క మెర్సీ అక్క, ఇంకో పక్క నేను పట్టుకున్నాం. కొంతదూరం పోయాక నా చెయ్యి తీసేసి రాజిరెడ్డి మామ పట్టుకున్నాడు. "నువ్వు ముందుగాల ఉరుకు. పడవ ఆపు" అన్నాడు.

ఉరికాను. యాభై ఏళ్ళ వయసులో, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇసుకలో. నేను చేరేసరికి పడవవాళ్ళు తాడు విప్పుతున్నారు. చేతులెత్తి అరిచాను. వెనక వస్తున్న మావాళ్ళను చూపించాను. అందరి మెడల్లో ఒకే రంగు తాళ్ళు ఉండడంతో గుర్తుపట్టి ఆగారు. ఒక్కొక్కర్నీ చెయ్యిచ్చి ఎక్కించారు. నేను తలలు లెక్కపెట్టాను. పది. నాతో పదకొండు.

పడవ కదిలాక యూనిఫారం వేసుకున్న మనిషిని అడిగాను, ఆఖరి పడవ ఐదున్నరకు కదా అని. ఆయన అవునని తలూపి చేతి గడియారం చూపించాడు. ఐదూ ముప్పై రెండు.

నా ఫోన్ చూసుకున్నాను. నాలుగూ ముప్పై రెండు.

అప్పుడు ఆయన చెప్పాడు. ఓడ సింగపూర్ టైమ్ మీదే నడుస్తుందట. ఫుకెట్ దానికి ఒక గంట వెనక. ఒడ్డు మీద దిగగానే ఫోన్లు వాటంతట అవే అక్కడి టైమ్‌కు మారిపోతాయి. ముందురోజు సాయంత్రం మైకులో చెప్పింది అదే. కాగితంలో సన్న అక్షరాల్లో ఉన్నదీ అదే.

అంటే ఫుకెట్ నేల మీద నిలబడి ఫోన్ చూసుకునేవాళ్ళకు ఆఖరి పడవ నాలుగున్నరకు. కార్డు మీద ఉన్నట్టే.

వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డున ఒక కుటుంబం చేతులూపుతూ పరిగెత్తుకొస్తోంది. తల్లి, తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు. మా ఓడవాళ్ళే. పొద్దున టిఫిన్ దగ్గర చూశాను. పడవ వెనక్కి తిరగలేదు. మరుసటి రోజు వాళ్ళు విమానంలో సింగపూర్ చేరారని తర్వాత తెలిసింది. సామానంతా మాత్రం ఓడలోనే ఉండిపోయింది.

ఓడెక్కాక రాజిరెడ్డి మామ కాసేపు నాకు దూరంగానే ఉన్నాడు. రాత్రి భోజనాల దగ్గర, హైదరాబాద్ నుంచి వచ్చిన వాళ్ళ బల్ల దగ్గరికి పోయి నిలబడి, హాలంతా వినబడేటట్టు చెప్పాడు: "గామె మా మెదక్ ఆమె. సుగుణమ్మ. నేను ఒద్దన్న, కొట్లాడిన. ఇనలే. పదిమందిని తోలుకొచ్చి ఓడల ఏసింది. ఇసొంటి మనిషి మీ దిక్కు ఉన్నదా?" వాళ్ళు చప్పట్లు కొట్టారు. లక్ష్మి అత్తమ్మ తన ప్లేటులోని స్వీటు తెచ్చి నా నోట్లో పెట్టింది. నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. అంత గర్వంగా నేను ఎప్పుడూ అన్నం తినలేదు.

మెదక్ చేరిన మర్నాడే దుకాణం తెరిచి ఒక కార్డు కత్తిరించి చూశాను. ప్లాస్టిక్ అంచు ఎక్కడా ఊడలేదు. కాగితం మీద గీకిన గుర్తు లేదు, తెల్ల ఇంకు లేదు, ఐదు తాలూకు నీడ కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని ఒక కార్డు ఎక్కువ చేసి డ్రాయర్‌లో వదిలి వెళ్ళాను. తీసి చూశాను. దాని మీద ఐదూ ముప్పై ఉంది. మాతో వచ్చిన పదకొండు మారాయి. మెదక్‌లో ఉండిపోయింది మారలేదు.

మెర్సీ అక్క దీన్ని దేవుడి పని అంటుంది. రాజిరెడ్డి మామ, ఎప్పుడో చనిపోయిన తన నాయనే చేశాడంటాడు. నేను ఏ మాటకూ తలూపలేదు. ఇద్దరు ముగ్గురు చదువుకున్నవాళ్ళకు చూపిస్తే, రాత్రి నేనే నిద్రలో మార్చి ఉంటానన్నారు. ఓడలో లామినేషన్ మెషిన్ ఎక్కడిదని వాళ్ళనే అడిగాను.

ఆ తర్వాత ఇంకా మూడు గుంపుల్ని ఓడలెక్కించాను. ఇప్పుడు పక్క జిల్లాల నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. వచ్చిన ప్రతివాళ్ళకూ ముందు చెప్పే మాట ఒకటే: ఓడ దిగేముందు ఓడ గడియారం, ఒడ్డు గడియారం రెండూ అడిగి తెలుసుకోండి. ఫోన్‌ను నమ్మకండి, చేతికి మామూలు గడియారం కట్టుకుని ఓడ టైమ్ పెట్టుకోండి. రేవు నుంచి గంటలో తిరిగి రాలేని చోటుకు పోవద్దు. ఒక్క రోజులో రెండు చోట్లు పెట్టుకుంటే రెండోది దక్కకపోయినా బాధపడొద్దు. ఆఖరి పడవకు గంటన్నర ముందే ఒడ్డుకు చేరి, అక్కడే కూర్చుని కొబ్బరినీళ్ళు తాగండి. మందులు ఓడలో వదలొద్దు. పాస్‌పోర్ట్ జిరాక్స్ జేబులో ఉండాలి. తలుపు కింద పెట్టిన కాగితం చివరి అక్షరం దాకా చదవాలి, రాకపోతే చదివించుకోవాలి.

ఆ మూడు గుంపులకు చేసిన కార్డులు నేను ఎలా రాశానో అలాగే ఉన్నాయి. రోజూ తీసి చూశాను. ఒక్క అంకె కదలలేదు.

దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. ఆ ఐదును నాలుగు చేసింది ఎవరో, ఎలా చేశారో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అందదు. కానీ ఆ అంకె మాట విని, కొట్లాడి, పదిమందిని వ్యాన్ ఎక్కించింది మాత్రం నేనే.