అక్క ఉంచిన నల్లటి ఖాళీలు

అక్క పోయారని గురువారం పొద్దున బావగారు ఫోన్ చేశారు. ఆమె నాకు చుట్టం కాదు. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో నా మొదటి ఉద్యోగంలో టీమ్ లీడ్. ఆఫీసులో అందరూ పేరు పెట్టి పిలిస్తే నేనొక్కణ్ణే అక్కా అనేవాణ్ణి. మొదటి రోజు ఆమె "ఇక్కడ అలా పిలవరు" అన్నారు. రెండో రోజు నుంచి ఆ పిలుపుకే పలికారు.

టెలిస్కోపులు తీసిన లక్షల ఫొటోలను అతికించి, ఒకే ఆకాశంగా తెరమీద చూపడం మా పని. వేలితో జరిపితే జరగాలి, జూమ్ చేస్తే ఒక్క నక్షత్రం దాకా వెళ్లాలి. అన్ని ఫొటోలనూ ఏ కంప్యూటరూ ఒకేసారి మోయలేదు. "గిన్నెడన్నం ఒకేసారి వడ్డిస్తామా? కంచంలో పట్టినంతే" అంటూ, చూసేవాళ్లకు కావలసిన ముక్కలే పంపడం అక్క నేర్పారు.

ఒక మ్యూజియం వాళ్లకు డెమో ఇవ్వాల్సిన వారం. ఫొటోలు లేనిచోట్ల ఆకాశంలో నల్లటి ఖాళీలు. అప్పటికి నా వీసా ఎక్స్‌టెన్షన్ రాలేదు. డెమో పోతే ఉద్యోగం పోతుందని భయం. ఎవరికీ చెప్పకుండా ఖాళీలు నింపేశాను. అక్క తెరకు ముక్కు ఆనేంత వంగి చూశారు.

"ఈ స్టార్స్ ఎక్కడివి?"

"పక్క ఇమేజ్‌లోంచి కాపీ చేశానక్కా. గ్యాప్స్ ఉంటే బాగోదని."

కోప్పడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"అందంగానే ఉంది. రేపు ఏ చిన్నపిల్లో జూమ్ చేసి, ఇదేం నక్షత్రం అంటే ఏం చెప్తావ్? చూడనిది చూడలేదని చెప్తే మనకేం తక్కువ కాదు నాన్నా."

సాయంత్రం దాకా ఇద్దరం వాటిని ఒక్కొక్కటే తీసేశాం.

డెమోలో మ్యూజియం ఆవిడ ఆ నలుపు చూసి, "పాడైందా?" అని అడిగింది.

"లేదు. అక్కడ మా దగ్గర ఫొటో లేదు. అలాగే ఉంచమన్నది నేనే" అన్నారు అక్క.

ఆవిడ కాసేపు చూసి, "పిల్లలకు ముందు ఇదే చూపిస్తాం" అంది. నేను చేసిన పని అక్క ఎవరికీ, ఎన్నడూ చెప్పలేదు. ఇన్నాళ్లకు నేనే చెబుతున్నాను.

పోయిన నెల అక్క ఇంటికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. కిటికీ దగ్గర, ఒళ్లో టాబ్లెట్, దానిమీద మా ఆకాశం. బావగారు కాఫీ తెచ్చారు.

"తాగండక్కా, చల్లారిపోతుంది."

"ఉండు, ఇదొక్కటి లోడ్ అవనీ."

మసకగా ఉన్న తెరమీద నక్షత్రాలు ఒక్కొక్కటే తేటపడుతున్నాయి. వాటికి అడ్డు రాకుండా అక్క వేలు గాలిలో ఆగి ఉంది.