కాకి ముట్టని ముద్ద

కాకి గూడున్న వేపకొమ్మను నరికించి, మర్నాడు అదే కాకిని పిండం తినమని పిలిచారు. ఇంత సిగ్గుమాలిన పని నేనెక్కడా చూడలేదు. పోయింది మా పక్కింటి మామ్మగారు. చిలకలపూడిలో చూపు ఆనినంత కాలం రోల్డుగోల్డు నగలకు రాళ్లు అతికిన మనిషి. నాకు పని నేర్పింది ఆవిడే.

బడిలో నాకేమీ ఎక్కలేదు. ఆవిడ దొడ్లో ఎక్కింది. నడుం పట్టేసినప్పుడల్లా ఇద్దరం పెరటి గుమ్మంలో కూర్చుని పిట్టల్ని చూసేవాళ్లం. గువ్వ నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి గుడ్లు పెట్టేస్తుంది. నేను తొందరపడి రాయి వంకరగా అతికితే, "ఏరా, గువ్వ పని చేశావా?" అనేవారు. అంతకన్నా పెద్ద తిట్టు ఆవిడ దగ్గర లేదు. తేనెపిట్ట సాలెపురుగు దారాలతో సంచీలాంటి గూడు వేలాడదీసి, వాకిలికి చిన్న చూరు కూడా దించుతుంది. దానికోసం ఆవిడ దొడ్లో బూజు దులిపేవారు కాదు. శుభ్రం తెలియని మనిషని వీధంతా చెప్పుకున్నారు. కాకేమో మేం పారేసిన రాగితీగ ముక్కలు ఏరుకెళ్లి పుల్లల మధ్య మెలేసేది.

పదోరోజు భోజనాల షామియానాకు అడ్డమని ముందురోజే ఆవిడ మేనల్లుడు దొడ్లో వేపచెట్టుకు ఆ గూడున్న కొమ్మే కొట్టించాడు. గుడ్లు పగిలిపోయాయి. మట్టిలో రాగితీగలు మెరిశాయి. మర్నాడు విస్తట్లో పిండం పెట్టి అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాకులు గోడ మీద అరిచాయి గానీ ఒక్కటీ దిగలేదు. ఏ కోరిక మిగిలిపోయిందోనని, "అత్తా, నీ పేరున ఏటా అన్నదానం చేస్తాను, ముట్టు" అని ఆయన బతిమాలుతున్నాడు.

"కోరిక కాదండీ, గూడు. నిన్న మీరే పడగొట్టించారు" అన్నాను.

"పెద్దల్లో నీకేం పనిరా?" అన్నాడు.

ముద్దను కాలవలో కలిపి వచ్చి, గుత్తివంకాయ బాగా కుదిరిందనుకుంటూ తిన్నారు.

సోమవారం దొడ్డంతా చదును చేయిస్తారట. మూల మందారానికి రెండాకులు దగ్గరికి లాగి దూదితో కుట్టిన కుట్టుపిట్ట గూడుంది. "నీకు పది వేళ్లు. దానికి ముక్కొక్కటే" అంటూ మామ్మగారు నాకు ఆఖరుసారి చూపించిన పనితనం అది. ఇప్పుడందులో మూడు పిల్లలున్నాయి, ఇంకా రెక్కలు రాలేదు. నా పీట ఆ మొక్క పక్కనే వేసుకుని రాళ్లు అతుకుతున్నాను. తల్లి పురుగుతో వాలినప్పుడల్లా ఆకు వంగుతుంది, మళ్లీ లేస్తుంది.

మేనల్లుడు గారూ, ఆ పిల్లలు ఎగిరేదాకా మందారం జోలికి రాకండి. ఆదివారం దీపాలు పెట్టేలోగా అవునో కాదో చెప్పండి.