అల లేచినప్పుడే ఆగిపోయే పీపా

వెర్నా కోస్కెలాకు కోపం వస్తే నోరెత్తదు, బల్ల తుడుస్తుంది. ఆమె బల్ల తళతళలాడుతోందంటే ఏదో ప్రాసెసర్ ఆమె మాట వినడం లేదని హోటన్ ఊళ్లోని మా ఆఫీసులో అందరికీ తెలిసిపోతుంది. ఆ పూట ఆమె దగ్గరికి ఎవరం వెళ్లం.

మేం సముద్రమంత ఉండే సుపీరియర్ సరస్సులో లంగరేసే పీపాలు తయారుచేస్తాం. అవి అలల ఎత్తు కొలిచి ఒడ్డుకు చెబుతుంటాయి. పీపాల్లో మూడు తరాల ప్రాసెసర్లున్నాయి, దేని భాష దానిది. ప్రోగ్రామును ఆ భాషలోకి దించేది అసెంబ్లర్. ప్రోగ్రాం ముక్కలన్నీ అతికించి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి వేసేది లింకర్. ఈ రెండూ వెర్నా చేతి కింద పెరిగినవే. ఎవరైనా లింకర్ తప్పంటే చాలు, “ఆడలేక మద్దెల ఓడు” అని పంపించేసేది. నన్నూ చాలాసార్లు అలాగే పంపింది. చాలాసార్లు తప్పు నాదే, అది వేరే సంగతి.

ఆ వసంతంలో మద్దెలే ఓడయింది. కొత్త ప్రోగ్రాం రెండు కొత్త ప్రాసెసర్ల మీద చక్కగా నడిచింది. పాతదాని మీద మాత్రం, పరీక్షకని ఆఫీసులో కట్టిన నీళ్ల తొట్టిలో పెద్ద అలలు లేపగానే పీపా బిగుసుకుపోయేది. అంతకంటే ఘోరం, తెర మీద చివరి అంకె అలాగే నిలిచిపోయేది. అల మనిషెత్తు లేచినా, నీళ్లు నిద్రపోతున్నాయని చెప్పేది.

పాత పీపాల్లో ఒకటి, సరస్సు గడ్డకట్టే చలికాలంలో మా దగ్గరికి తెచ్చేసుకోవడం తప్పిస్తే, ఎప్పుడూ వెర్నా తమ్ముడు ఐనో చేపలు పట్టే రేవు ముందుంటుంది. ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. అక్కడి పడవలవాళ్లు పొద్దున్నే కాఫీతో పాటు దాని అంకె చూసి బయల్దేరతారు. మంచు కరిగేలోగా బాగుపడకపోతే పాతవన్నీ తుక్కుకేనని మా యజమాని డేల్ ట్రెంబాత్ తేల్చేశాడు.

వెర్నా బల్ల తుడిచి తుడిచి, అసలు జబ్బేమిటో కనిపెట్టింది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు గెంతేటప్పుడు పాత ప్రాసెసర్ ఒక్క గెంతులో ఎక్కువ దూరం పోలేదు. పోవలసిన చోటు దూరమైతే లింకర్ మధ్యలో ఒక మెట్టురాయి వేస్తుంది. ప్రోగ్రాం పెరిగేసరికి ఆ రాయే అందనంత దూరంలో పడుతోంది. లింకర్ ఆ మాట పైకి చెప్పకుండా ఎటో గెంతించేస్తోంది. పెద్ద అలలు కొలిచే ముక్క అన్నిటికంటే చివర ఉంది కనుక, పెద్ద అల వచ్చినప్పుడే బండారం బయటపడేది.

వెర్నా లింకర్ను, అందే దూరంలో కొత్త రాళ్లు కూడా వేసేలా దిద్దింది. తొట్టిలో అలలు లేపాం. పీపా ఆగలేదు. ఆమె అందరి ముందూ “ఇక దీని పూచీ నాది” అంది. పీపాలను సరస్సులో దించడానికి డేల్ అద్దె ఓడ మాట్లాడాడు. మర్నాడు పీపాలు లారీకెక్కాయి.

లారీ కదలబోతుంటే, ఎందుకో ఒకసారి తను కొత్తగా వేయించిన మెట్టురాళ్లు చూసుకుందామని ఆమె ప్రోగ్రాం విప్పింది. వాటిలో ఒక్క రాయీ లేదు. దిద్దిన లింకర్ ఒకచోట ఉంటే, కంప్యూటర్ ఇంకోచోటున్న పాత లింకర్తోనే పని కానిచ్చేసింది. ఈ పనిలో ఉన్నవాళ్లం అందరం ఏదో ఒక రోజు పడే గోతిలోనే ఆమే పడింది. మరి తొట్టిలో ఎలా నడిచిందంటే, పరీక్ష త్వరగా తేలాలని ఆమె ప్రోగ్రాంలోంచి ఒడ్డుకు కబురు పంపే రేడియో ముక్క తీసేసింది. చిన్న ప్రోగ్రాం కనుక గెంతు దానంతటదే అందింది. లారీలో ఉన్నది పూర్తి ప్రోగ్రాం.

ఆమె కోటు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తి, పాతవి దించేయమంది. ఓడ మళ్లీ దొరకదని, అసలు లేనిదానికంటే ఎప్పుడో ఆగేదైనా నయమేనని డేల్ గొణిగాడు.

“లేకపోతే పడవలవాళ్లు ఆకాశం చూసుకుని వెళ్తారు డేల్. ఉంటే దాన్ని నమ్ముకుని వెళ్తారు” అంది వెర్నా.

డేల్ తల గోక్కుని పాతవి దింపించాడు. సాయంత్రానికి ఐనో ఫోన్. పీపా రావడం లేదని తెలిసి ఊళ్లోవాళ్ల ముందు తల ఎత్తుకోలేకపోతున్నానని, అక్క ఉద్యోగం తనకేం ఒరగబెట్టిందని సాధించాడు. తప్పు తనదేనని ఆమె చెప్పింది. ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు, నాకు బాధేసింది.

ఈసారి సరైన లింకర్తో, రేడియోతో సహా పూర్తి ప్రోగ్రాం పెట్టి తొట్టిలో అలలు లేపాం. నడిచింది. రాళ్లు ఎక్కడివక్కడ ఉన్నాయి. గెంతు అందకపోతే పని ఆపేసి అరిచేలా కూడా లింకర్కు నేర్పింది. ఓడ లేదు కనుక ఐనోయే వచ్చి, సణుగుతూనే, పీపాను తన చేపల పడవలో వేసుకుపోయి రేవు ముందు లంగరేశాడు.

జూన్లో ఒక పొద్దున గాలి తిరిగింది. మేమంతా తెర ముందు నిలబడ్డాం. అంకె మోకాలెత్తు దాటింది, నడుమెత్తు దాటింది. ఇంతకుముందు పీపా ఆగిపోయిన చోటూ దాటి ఇంకా పెరుగుతోంది. తుఫాను ముదురుతుంటే సంతోషించినవాళ్లం ఆ ఒడ్డున మేమే అయ్యుంటాం. వెర్నా మాత్రం ఒకచోట నిలవలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

చివరికి అతనే చేశాడు.

“వల బాగుచేసుకుంటున్నా అక్కా, ఫోన్ లోపల ఉండిపోయింది. పొద్దున పడవ విప్పాను గానీ, నీ అంకె చూసి మళ్లీ కట్టేశా.”

వెర్నా కుర్చీలో కూలబడి, అందరి ముందూ ఏడ్చేసింది.