మారేడుమిల్లిలో దొరికిన చీమ

గోపాలకృష్ణమూర్తి పాలకొల్లు మార్కెట్లో ముప్పై ఏళ్లుగా బెల్లం అమ్ముతున్నాడు. ఆ ముప్పై ఏళ్లలో ఆయన చంపిన చీమల లెక్క ఏ పురుగుమందుల కంపెనీకైనా గర్వకారణం. పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడి పటానికి దండం పెట్టే ముందే బుట్టల చుట్టూ చీమల మందు చల్లుతాడు. "మన కొట్లో చీమ కనబడితే బుట్టంతా ఊరికే పట్టుకెళ్లండి" అని బేరానికి వచ్చినవాళ్లతో పందెం కాస్తాడు.

అదే మనిషి తాళం వేసి ఊరు దాటాడా, చీమలంటే పడిచస్తాడు. నాలుగేళ్ల కిందట పురుగుల్ని పెద్దగా ఫొటో తీయడానికి ఫోనుకు తగిలించే చిన్న లెన్సు కొన్నాడు. ఊటీలో అందరూ పడవ ఎక్కితే ఈయన మురుగుకాలవ గట్టున బోర్లా పడుకున్నాడు. అరుణాచలంలో గిరిప్రదక్షిణ సగంలో ఆపేసి ఒక పేడపురుగు చుట్టూ ప్రదక్షిణ చేశాడు. చూసినవాళ్లు ఆగి అడిగితే భార్య మీనాకుమారి, "ఏదో పోగొట్టుకున్నారండి, వెతుక్కుంటున్నారు" అని తప్పించుకునేది.

ఆయన కోరిక ఒక్కటే. పురుగుల ఫొటోలు పెట్టే ఒక వెబ్‌సైట్లో, ఫలానా చోట ఫలానా చీమను మొదట చూసింది తనేనని పేరు పడాలి. రెండు వందల ఫొటోలు పంపాడు. అన్నీ ఎవరో ఒకరు ముందే చూసేసినవి.

ఈ వేసవిలో మారేడుమిల్లి వెళ్లారు. చీమలకు ఎర వేయడానికైనా పరాయి బెల్లం కొనడం ఆయన వంశంలో లేదు. సొంత కొట్టులోంచే ఒక బెల్లం అచ్చును కాగితంలో చుట్టి తెచ్చాడు. చెట్టు మొదట్లో ముక్క పెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి దానిమీద పసుపురంగు చీమలు. ఫొటో పంపాడు. ఆ వెబ్‌సైట్లో ఫొటోలు సరిచూసే మధులత అనే బెంగళూరు పరిశోధకురాలు, "ఈ కొండల్లో దీన్ని ఇంతవరకు ఎవరూ నమోదు చేయలేదు, మీరే మొదటివారు" అని జవాబిచ్చింది. పేరు పడింది. ఇంటికొచ్చాక మూడు రోజులు బేరాలు మానుకుని మార్కెట్టంతా ఫోను చూపించాడు.

నాలుగోరోజు మీనాకుమారి ప్రయాణపు సంచి దులిపింది.

"ఏవండీ, మీ మారేడుమిల్లి చీమలు ఈ సంచిలో ఉన్నాయి."

"అక్కడి నుంచి వచ్చుంటాయి."

"ఇక్కడి నుంచే వెళ్లాయి. వెళ్లేటప్పుడు రంపచోడవరంలో టిఫినుకి ఆగినప్పుడే బెల్లం కాగితం మీద పాకుతుంటే చెప్పాను కదండీ. మీరు వింటేగా! ఆ అమ్మాయికి చెప్పేయండి."

"చెబితే వెబ్‌సైట్ మ్యాపులో ఆ చీమ దొరికిన చోటు చుక్క తీసుకొచ్చి మన కొట్టు మీద పెడుతుంది. ఊరంతా చూస్తుంది. అప్పుడు బెల్లమంతా నువ్వు తింటావా ఏంటి?"

చెప్పలేదు. పది రోజులకు మధులతే ఫోన్ చేసింది. ఇద్దరు విద్యార్థులతో మారేడుమిల్లి వస్తున్నానని, ఆ చెట్టు చూపించమని అడిగింది. "తప్పకుండా రండి మేడం" అన్నాడు. రెండు రోజులు ఆ పిల్లలు ఉక్కలో మోకాళ్ల మీద పాకుతూ ఎండుటాకులు ఎత్తి చూశారు. అక్కడ లేదని తెలిసిన గూటిని ఆయన కూడా వాళ్లతోపాటు శ్రద్ధగా వెతికాడు. రెండోరోజు సాయంత్రం మధులత నడుం నిలబెట్టుకుని అడిగింది.

"ఆ రోజు పెట్టిన బెల్లం ఎక్కడిదండీ?"

ముప్పై ఏళ్ల వ్యాపారం ఆ క్షణంలో ఆయన్ని ఆదుకుంది.

"దారిలో రాజమండ్రిలో కొన్నానండి. ఏదో కొట్టు, పేరు గుర్తులేదు."

ఆమె వెబ్‌సైట్లో ఆ నమోదు కొట్టేసి, రాజమండ్రిలో కొన్న బెల్లంతో చీమలు వచ్చి ఉండవచ్చని రాసింది. ఆయన పేరు పోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు కొట్టులో కూర్చుంటే, ఎప్పుడూ వచ్చే చంద్రరావు వచ్చి రాజమండ్రిలో బెల్లం చవకట కదా అన్నాడు.

గోపాలకృష్ణమూర్తి ఫోను తీశాడు.

"చవకేనండి. చీమల్తో కలిపి ఇస్తారు మరి. నేనన్నది కాదండోయ్, బెంగళూరు మేడం పరిశోధన చేసి రాశారు. చదువుకోండి."

చంద్రరావు చదివి, రెండు కిలోలు తూయించుకున్నాడు.