ఆరా సిస్టర్ అడిగిన ప్రశ్న

ఆవిడ అసలు పేరు ఆస్పత్రి రిజిస్టరులో తప్ప ఎక్కడా కనబడదు. ముప్పై ఏళ్లుగా పిల్లల వార్డులో నర్సు. జ్వరమని వచ్చినవాళ్లను కూడా తాతముత్తాతల జబ్బుల గురించి గుచ్చి గుచ్చి అడుగుతుందని అందరూ 'ఆరా సిస్టర్' అనేవారు.

వరదలో పేటలన్నీ మునిగిన నాలుగో రోజు, బడిలో పెట్టిన శిబిరానికి ఆవిడే దిక్కు. డాక్టరు అవతలి ఒడ్డున చిక్కుబడిపోయాడు. మధ్యాహ్నం ఒక పచ్చి బాలింత పన్నెండు రోజుల మగబిడ్డను ఎత్తుకుని పరుగున వచ్చింది. వెనకే ఆమె అత్తగారు.

"పొద్దుట్నుంచి పాలు తాగట్లేదు సిస్టర్! లేపినా లేవట్లేదు."

"పసికామెర్లేగా, ఎండ చూపిస్తే పోతాయి. డబ్బాపాలు పడదామంటే వినదు," అంది అత్తగారు.

పసుపు అరికాళ్ల దాకా పాకింది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. కింద గుడ్డ తీసి చూస్తే మూత్రం డికాక్షన్ రంగులో ఉంది. లోపల రక్తకణాలు విరిగిపోతున్నాయి. ఎందుకు?

బిడ్డ మీదికి వంగగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. కలరా ఉండలు.

"ఈ దుప్పటి ఎక్కడిది?"

"మొన్న పంచిన మూటల్లోది."

అలాంటి దుప్పట్లు ఇంకో పదిమంది పసివాళ్లకూ కప్పారు. వాళ్లంతా బాగానే ఉన్నారు.

"మీ పుట్టింట్లో మగవాళ్లకెవరికైనా మందు పడక మూత్రం నల్లగా వచ్చిందా?"

అత్తగారు భగ్గుమంది. "పిల్లాడు చేజారిపోతుంటే పుట్టింటి ఆరాలేంటమ్మా!"

"మా తమ్ముడికి," అంది తల్లి. "మలేరియా మాత్రలు వేస్తే అలాగే అయింది. రక్తం ఎక్కించారు."

చిక్కుముడి విడిపోయింది. తల్లి వైపు నుంచి వచ్చిన లోపం; అలాంటి మగపిల్లల రక్తానికి కొన్ని మందులే కాదు, కలరా ఉండల ఘాటూ పడదు. కానీ తీరిక లేదు. సిస్టర్ దుప్పటి అవతల పారేసి, బిడ్డ ఒళ్లంతా గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఉతికిన తువ్వాల్లో చుట్టింది. అత్తాకోడళ్లను వెంటబెట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది.

"బస్తాలు దించాక వెళ్దాం," అన్నాడు పడవవాడు.

"బస్తాలు రేపు దించుకోవచ్చు నాయనా. వీడికి రేపు లేదు!"

పడవ కదిలింది. సుడి దగ్గర పక్కకు ఒరిగినప్పుడు తల్లి కెవ్వుమంది. బిడ్డ మాత్రం కిక్కురుమనలేదు. సిస్టర్ దారిపొడుగునా అరికాలు రుద్దుతూ, ఊపిరి లెక్కపెడుతూనే ఉంది.

అవతలి ఒడ్డు ఆస్పత్రిలో కుర్ర డాక్టరుతో అంతా రెండు ముక్కల్లో చెప్పి, "ఈ వంశానికి పడని మందులున్నాయి, చూసి ఇవ్వండి," అంది. రక్తం మార్చారు. కామెర్లు తగ్గించే నీలిదీపం కింద రెండు రోజులు పెట్టారు. మూడోనాడు వాడు తల్లి రొమ్ము పట్టుకుని గుటకలు వేశాడు.

"అయితే ఇది నా వల్లే వచ్చిందా?" తల్లి నెమ్మదిగా అడిగింది.

"నీకూ మీ అమ్మ ఇలాగే తెలియక ఇచ్చి ఉంటుంది తల్లీ. అందులో తప్పెవరిది? ఇప్పుడు తెలిసిందిగా, జాగ్రత్తగా పెంచుకో."

వాడికి వేయకూడని మందుల పేర్లన్నీ సిస్టర్ ఒక కాగితం మీద రాసింది. తల్లి చెయ్యి చాపేలోపే అత్తగారు దాన్ని అందుకుని, మడిచి గుప్పిట్లో బిగించి పట్టుకుంది.