కొండమ్మ మంద గుర్తు

పెద్దారవీడు వైపు గొర్రెల కాపరులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అడ్మిన్ భాగ్యమ్మ. ఆమెకు యాభై దాటాయి. చదువు అంతంత మాత్రం. గ్రూపులో దాదాపు అందరూ గొంతుతోనే మెసేజ్ పెడతారు. ఏ కుంటలో నీళ్లున్నాయి, ఏ రైతు ఎరువు కోసం తన చేనులో మంద నిలపమంటున్నాడు. అంతే.

గొర్రెల బేరగాడు రాజేష్ గ్రూపులో మాట్లాడడు. ఒక్కొక్కరికి విడిగా ఫోన్ చేస్తాడు.

"అత్తా, నీ మేలు కోరి చెప్తన్నా. నా పేరు తీయొద్దు."

వేసవిలో ఒకరోజు భాగ్యమ్మకు ఒక ఫోటో పంపాడు. నోటి నిండా పుండ్లున్న గొర్రె. వెంటనే ఫోన్.

"కొండమ్మ మందకు గాలికుంటు రోగం వచ్చింది. దాచిపెట్టింది. పైగా నీకు పెత్తనం తలకెక్కిందంటాంది."

భాగ్యమ్మకు రెండో మాటే ఎక్కువ తగిలింది. కొండమ్మ కూడా గ్రూపులో కాపరే, తనకు వరసకు వదిన. ఆమెను ఏమీ అడగలేదు. ఫోటోను గ్రూపులో పెట్టి, ఆమెను గ్రూపు నుంచి తీసేసింది. ఆ తర్వాత ఏ రైతూ కొండమ్మను చేనులోకి రానివ్వలేదు.

పది రోజులకు భాగ్యమ్మ కొత్త గొర్రెపిల్లలకు చెవి మీద గుర్తు కోస్తోంది. ఒక్కో ఇంటి మందకు ఒక్కో కోత. కొండమ్మ వాళ్లది కుడి చెవి కొనన చీలిక. కత్తి పక్కన పెట్టి ఫోన్ తెరిచింది. ఫోటోలోని గొర్రెకు రెండు చెవులూ ఏ కోతా లేకుండా నిండుగా ఉన్నాయి. ఫోటో వచ్చిన రోజు ఆమె గొర్రె నోరు చూసింది, కాళ్లు చూసింది. రోగమంటే కాపరులు చూసేది అవే.

కొండమ్మ మంద దగ్గరికి నడిచి వెళ్లింది.

"వచ్చినావా అడ్మినమ్మా. ముక్కుకు గుడ్డన్నా కట్టుకోలేదే!"

"నన్ను ఆ మాట అన్నావా వదినా? పెత్తనం అని?"

"అన్నా. నీ మొగానే అన్నా, అమ్మవారి కొలుపుల్లో. నువ్వూ నవ్వినావు."

భాగ్యమ్మకు గుర్తొచ్చింది. నిజమే, నవ్వింది. రాజేష్ ఆ మాటను పుట్టించలేదు. నవ్వును తీసేసి మోసుకొచ్చాడు.

"ఆ బేరగాడు రాజేష్ నిన్న వచ్చినాడు," అంది కొండమ్మ. "మంద మొత్తం సగం ధరకి ఇయ్యమన్నాడు."

భాగ్యమ్మ అక్కడే నిలబడి గ్రూపులో మాట్లాడింది.

"ఆ గొర్రె కొండమ్మది కాదు. చెవి చూడకపోవడం నా తప్పు. అడగకపోవడం ఇంకా తప్పు. ఈ పొద్దు ఆమె మంద నా చేనులో, నా మందతో కలిసి పడుకుంటది. రాజేషూ, నాకు చెప్పింది ఈడ చెప్పు నాయనా, అందరం ఇంటాం."

రాజేష్ ఆమెకు విడిగా ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

వాణ్ని తీసేయమని చాలామంది అన్నారు. "ఉండనీ," అంది. "మాట్లాడితే అందరికీ ఇనపడాల."

కొండమ్మను మళ్లీ చేర్చింది. రైతులు పిలవడం మొదలుపెట్టారు. కొండమ్మ మాత్రం గ్రూపులో చాలా రోజులు నోరు తెరవలేదు. ఒక ఉదయం ఆమె గొంతు వినిపించింది. కొండ కింద కుంటలో ఇంకా నీళ్లున్నాయట.

భాగ్యమ్మ ఆ మాటను రెండుసార్లు విన్నది. తర్వాత మందను అటు తోలింది.