రుక్కవ్వ చదివిన మధ్యాహ్నాలు

"రేపటి సంది నా బిడ్డ నీ ఇంటికి రాదు, రుక్కవ్వా. చదివే పిల్లంటే పెండ్లోళ్లు వెనుకకు పోతరు" అన్నాడు మా నాయన మా ఇంటి గుమ్మంలో నిలబడి.

"పోనీ. అక్షరాలకే జడిసెటోళ్లు దాన్నేం ఏలుకుంటరన్నా?"

"నీకేంది, ఒంటిదానివి. ఊరికి జవాబు చెప్పేది నేను."

"ఒంటిదాన్నైనంకనే చదువు నేర్చిన. ముందే వచ్చుంటే, మా మరిది వేలిముద్ర వేయించుకొని నా పొలం గుంజుకునేటోడా?"

మొన్న గచ్చిబౌలి ఇంట్లో మా మనవరాలు కొత్త పుస్తకాల కట్ట విప్పింది. ఆ కాగితపు వాసనకు ఈ తగువు గుర్తొచ్చింది. ఆడవాళ్ల హక్కుల చరిత్ర తెలియాలంటే ముందు ఏది చదవాలని అడిగింది. ఇన్ని కొనడం దండగ, ఒకటి కొని పదిమందికి చదివి వినిపించు అన్నాను. అది నా తెలివి కాదు. నిజాం రాజ్యం పోయిన కొత్తలో, అప్పటికింకా పల్లెగా ఉన్న కొత్తగూడలో మా పక్కింటి రుక్కవ్వ నేర్పింది.

మధ్యాహ్నాలు ఆమె వాకిట్లో వాడకట్టు ఆడవాళ్లు చింతపండు గింజ తీసేవారు. చదివే మనిషి పని ముట్టకూడదు. ఆమె వంతు మిగతావాళ్లు పంచుకోవాలి. రుక్కవ్వ పెట్టిన కట్టుబాటు అది. పట్నం నుంచి పుస్తకాలు అరువు తెచ్చి చదివేది. సముద్రాల అవతల ఆడవాళ్లు ఓటు కోసం జైలుకు పోయారని చదివిన రోజు అందరి చేతులూ ఆగిపోయాయి.

"జైల్ల బువ్వెవరు వండిండ్రు?" అంది మా మేనత్త.

"సర్కారే."

"అయితే నన్ను గూడ పంపుండ్రి."

అందరూ నవ్వారు. రుక్కవ్వ మాత్రం పుస్తకం నా ఒళ్లో పెట్టి, "ఇగ నువ్వు చదువు" అంది. బడికి సరిగ్గా రెండేళ్లయినా పోనిదాన్ని. కూడబలుక్కుంటూ చదివాను. మా అమ్మ ఈడువాళ్లు నా వంతు గింజలు తీస్తూ విన్నారు. నా నోటి మాట కోసం పెద్దవాళ్లు ఎదురుచూడటం! ఇన్నేళ్లలో మళ్లీ అంత పెద్దదాన్ని ఎప్పుడూ కాలేదు.

ఆ సంగతి చెవిన పడ్డాకే నాయన తగువుకు దిగాడు. ఆ సాయంత్రం ఆయన మాటే నెగ్గింది. రుక్కవ్వ తిరిగి వెళ్లిపోయింది. నా చదువు ముగిసిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆమె చింతపండు గంప నెత్తిన, పుస్తకం చంకన పెట్టుకుని మా అరుగు మీదికే వచ్చింది. వెనకాలే మా మేనత్త, వాడకట్టు ఆడవాళ్లు.

"ఈడ నీడ మంచిగున్నదన్నా" అని కూర్చుంది.

మా అమ్మ చాప పరిచింది. నాయన కర్ర అందుకుని పొలానికి పోయాడు. నేను చదివాను.